గీకిన కార్డు, తెగని ఖర్చు

“కార్డు పనిచేసింది కదండీ, డబ్బు కూడా కట్ అయింది. మరి మూడు వారాల తర్వాత బిల్లు పంపమంటారేమిటి?” అమెరికాలో ఉద్యోగం చేసే మనవాళ్లలో, కంపెనీ ఇచ్చిన హెచ్ఆర్ఏ కార్డు చేతికొచ్చిన తొలి ఏడాది ఈ మాట అననివాళ్లు తక్కువ. పళ్ల డాక్టరు దగ్గర కార్డు గీకారు. చిన్న రసీదు వచ్చింది, ప్యాంటు జేబులో పెట్టుకున్నారు, అది వాషింగ్ మెషీన్‌లో ముద్దయిపోయింది. కొన్నాళ్లకి ఒక ఈమెయిల్, ఇంకొన్నాళ్లకి మరొకటి, ఆ తర్వాత కార్డు ఆపేశామన్న కబురు. పక్కాగా వైద్యానికే వాడిన డబ్బుకి లెక్క అడుగుతుంటే, మన నిజాయితీనే శంకిస్తున్నారనిపించి ఒళ్లు మండుతుంది.

ఆ మంట అంతా దాన్ని మామూలు డెబిట్ కార్డు అనుకోవడం వల్ల వచ్చింది. మన దగ్గర ప్రభుత్వోద్యోగుల ఇళ్లలో పెరిగినవాళ్లకి టీఏ అడ్వాన్సు సంగతి తెలిసే ఉంటుంది. క్యాంపుకి వెళ్లే ముందు ఆఫీసు కొంత డబ్బు చేతిలో పెడుతుంది. తిరిగొచ్చాక టిక్కెట్లూ బిల్లులూ జతచేసి పెడితే ఖర్చు తెగుతుంది, పెట్టకపోతే జీతంలో కోస్తారు. హెచ్ఆర్ఏ కార్డు గీకడమంటే అలా అడ్వాన్సు తీసుకోవడమే. మెషీన్ మీద ‘అప్రూవ్డ్’ అని పడిందంటే అడ్వాన్సు ఇచ్చారని అర్థం, ఖర్చు ఒప్పుకున్నారని కాదు. ఈ తేడా పట్టుబడితే కార్డు వెనక ఉన్న నిబంధనల్లో చాలావరకు వింతగా అనిపించవు.

ముందు ఈ డబ్బెవరిదో చూద్దాం. హెచ్ఆర్ఏ అంటే హెల్త్ రీయింబర్స్‌మెంట్ అరేంజ్‌మెంట్. కంపెనీ కాగితాల్లో చాలాచోట్ల ‘అకౌంట్’ అనే రాస్తారు. ఇండియా పేస్లిప్పులో కనిపించే ఇంటద్దె హెచ్ఆర్ఏకీ దీనికీ ఏ చుట్టరికమూ లేదు. దీనికి ఒక రూపం ఇచ్చింది అమెరికా పన్నుల శాఖ ఐఆర్ఎస్, 2002లో విడుదల చేసిన ఒక నోటీసు, ఒక రూలింగ్ ద్వారా. డబ్బంతా యజమానిదే. ఉద్యోగి జీతంలోంచి ఒక్క సెంటు కూడా ఇందులో వేయడానికి లేదు. ఏడాదికి ఇంత అని కంపెనీ ఒప్పుకుంటుంది, మీరు వైద్యానికి ఖర్చు పెట్టినప్పుడు ఆ మేరకు చెల్లిస్తుంది, ఆ సొమ్ము మీద మీకు ఆదాయపన్ను పడదు. పోర్టల్‌లో మీ పేరు పక్కన 1,500 డాలర్లు కనిపించినా, చాలా కంపెనీల్లో అది పుస్తకంలో రాసుకున్న పద్దు మాత్రమే. మీ పేరున ఎక్కడో బ్యాంకులో విడిగా దాచిపెట్టిన డబ్బు కాదు. అందుకే ఏటీఎంలో పెడితే రాదు. మిగిలిన డబ్బు వచ్చే ఏడాదికి వస్తుందా, వస్తే ఎంతవరకు అన్నది కూడా కంపెనీ ఇష్టం.

దీన్ని పక్కవాటితో కలిపేసుకునేవాళ్లు చాలామంది. హెచ్‌ఎస్‌ఏ (హెల్త్ సేవింగ్స్ అకౌంట్) మీ సొంతం. డిడక్టిబుల్, అంటే ఇన్సూరెన్స్ చెల్లించడం మొదలుపెట్టేలోపు మీరే భరించాల్సిన మొత్తం, ఎక్కువగా ఉన్న ఇన్సూరెన్స్ తీసుకున్నవాళ్లకే అది తెరిచే వీలుంటుంది. 2025లో అందులో ఒక్కరికైతే 4,300 డాలర్లు, కుటుంబానికైతే 8,550 డాలర్ల వరకు వేసుకునే వీలుండేది. ఉద్యోగం మారినా మీ వెంటే వస్తుంది. హెచ్‌ఎస్‌ఏ కార్డు గీకితే మిమ్మల్ని ఎవరూ బిల్లు అడగరు. వైద్యానికి కాక వేరే ఖర్చుకి వాడితే మీరే రిటర్నులో చూపించి, పన్నూ దానిపైన 20 శాతం జరిమానా కట్టుకోవాలి. లెక్క మీకూ ఐఆర్ఎస్‌కీ మధ్య. ఎఫ్‌ఎస్‌ఏ (ఫ్లెక్సిబుల్ స్పెండింగ్ అకౌంట్) అలా కాదు. మీ జీతంలోంచే కోసినా దానికో పరిమితి ఉంటుంది (2025లో 3,300 డాలర్లు), ఏడాది చివర మిగిలితే కొద్ది భాగం తప్ప పోతుంది. బిల్లులు చూపించే బాధ్యత మాత్రం దీనికీ హెచ్ఆర్ఏకీ ఒక్కటే. పాత కంపెనీలో హెచ్‌ఎస్‌ఏ కార్డు వాడి కొత్త కంపెనీలో హెచ్ఆర్ఏకి మారినవాళ్లే ఎక్కువ తికమక పడతారు. రెండు కార్డులూ చూడ్డానికి ఒకేలా ఉంటాయి, ఒక్కోసారి ఇచ్చే సంస్థ కూడా ఒకటే.

ఇక కార్డు ఎలా ఆలోచిస్తుందో చూద్దాం. అసలు విషయం ఇక్కడే ఉంది.

ప్రతి వ్యాపారికీ కార్డు కంపెనీలు నాలుగంకెల కోడ్ ఒకటి ఇస్తాయి. డాక్టరుకి 8011, పళ్ల డాక్టరుకి 8021, ఆసుపత్రికి 8062, మందుల షాపుకి 5912, ఇలా. హెచ్ఆర్ఏ కార్డు ముందు చూసేది ఈ కోడ్‌నే. పెట్రోలు బంకులో, రెస్టారెంటులో గీకితే వెంటనే వెనక్కి కొట్టేది అందుకే. ఆసుపత్రి కోడ్ కనిపించి, పద్దులో డబ్బుంటే ఒప్పుకుంటుంది. అయితే కోడ్‌కి తెలిసింది మీరు ఎక్కడున్నారన్నది మాత్రమే, ఏం చేయించుకున్నారన్నది కాదు. పళ్ల డాక్టరు దగ్గర పుచ్చు పన్నుకి సిమెంటు పెట్టించుకోవచ్చు, పళ్లు తెల్లగా మెరవాలని వైటెనింగూ చేయించుకోవచ్చు. మొదటిది వైద్యం, రెండోది సోకు. కోడ్ మాత్రం రెండింటికీ ఒకటే.

అందుకని ఐఆర్ఎస్ 2003లో రెవెన్యూ రూలింగ్ 2003-43 అనే ఆదేశం ఇచ్చింది. కార్డు పద్ధతి పెట్టుకోవచ్చు గానీ ప్రతి లావాదేవీకీ రుజువు ఉండి తీరాలి అన్నది దాని సారం. ఆ రుజువు కాగితం లేకుండానే దొరికినట్టు లెక్కేసుకునే సందర్భాలు కొన్ని చెప్పింది. మీ ఇన్సూరెన్స్‌లో డాక్టరు విజిట్‌కి కోపే, అంటే మీరు కట్టాల్సిన స్థిర వాటా, 25 డాలర్లనుకోండి. కార్డు మీద కచ్చితంగా 25 పడితే అది కోపేనే అని ఒప్పుకుంటారు, కాగితం అడగరు. ఒకే డాక్టరుకి, ఒకే మొత్తం, ఒకే వ్యవధిలో పడుతూ ఉండి, మొదటిసారి మీరు బిల్లు పంపించి ఉంటే తర్వాతి వాటికి అడగరు. నెలనెలా కట్టే పిల్లల బ్రేసెస్ వాయిదా అలాంటిదే. అమ్మినవాడి దగ్గర్నుంచో ఇన్సూరెన్స్ కంపెనీ నుంచో వివరం అప్పటికప్పుడు నేరుగా అందినా సరే. తర్వాత 2006లో ఈ వెసులుబాటు ఇంకాస్త పెంచారు. ఒకే రోజు ముగ్గురు పిల్లల్ని చూపిస్తే 75 డాలర్లు పడుతుంది కదా, అలా కోపేకి ఐదు రెట్ల వరకు సరిగ్గా సరిపోయే మొత్తాల్నీ ఒప్పుకుంటామన్నారు.

షాపుల సంగతి వేరు. వాల్‌మార్ట్, సీవీఎస్, వాల్‌గ్రీన్స్, టార్గెట్ లాంటి చోట్ల మీ బుట్టలో జ్వరం మాత్రలూ చిప్సూ పక్కపక్కనే ఉంటాయి. 2006 నాటి నోటీసు వీటికోసం ఒక సరుకుల లెక్క పద్ధతిని ఒప్పుకుంది. దాన్ని ఐఐఏఎస్ అంటారు. క్యాషియర్ స్కాన్ చేసే ప్రతి వస్తువునీ బార్‌కోడ్ ఆధారంగా ఒక జాబితాతో సరిచూస్తుంది. టైలెనాల్, కట్టు గుడ్డ, కాంటాక్ట్ లెన్స్ ద్రవం జాబితాలో ఉన్నాయి, చిప్సూ షాంపూ లేవు. మొదటి మూడింటి మొత్తమే కార్డుకి పంపిస్తుంది, మిగతాది వేరే కార్డుతో కట్టమంటుంది. రసీదు మీద అర్హమైన వస్తువుల పక్కన చిన్న అక్షరమేదో ముద్రిస్తారు, అడుగున వాటి మొత్తం విడిగా వేస్తారు. ఇలాంటి షాపులో గీకినదానికి మళ్లీ కాగితం అడగరు, ఎందుకంటే వస్తువు వస్తువుకీ రుజువు అక్కడే దొరికింది. కొన్ని చిన్న ఫార్మసీల్లో ఈ పద్ధతి ఉండదు. వాటి అమ్మకాల్లో 90 శాతం వైద్యానికి సంబంధించినవే అయితే కార్డు పనిచేస్తుంది గానీ బిల్లు అడిగే అవకాశం ఎక్కువ.

అర్థమైంది కదా, తమాషా ఇక్కడే ఉంది. నిలువెల్లా అనుమానాలున్నట్టు కనిపించే ఈ యంత్రాంగం నిజానికి చాలా లావాదేవీల్ని మీకు తెలియకుండానే వదిలేస్తుంది. వేటితోనూ సరిపోలనివే కాగితం కోసం మిగులుతాయి. పళ్ల డాక్టరు, కళ్లజోళ్ల షాపు చాలావరకు ఆ గుంపులోనే ఉంటాయి. ఎందుకంటే అక్కడ కోపే లాంటి గుండ్రటి అంకె ఉండదు. రెండు పళ్లకి సిమెంటు పెడితే మీ వాటా 187 డాలర్ల 40 సెంట్లు అవుతుంది. ఆ అంకె ఏ కోపేకీ సరిగ్గా ఇన్ని రెట్లు కాదు, కిందటి నెల పడినదీ కాదు. పైగా డెంటల్ ఇన్సూరెన్స్ చాలాసార్లు వేరే కంపెనీది, దాని వివరాలు హెచ్ఆర్ఏ చూసే సంస్థకి నేరుగా చేరవు. మీ మెడికల్ ఇన్సూరెన్స్ కంపెనీయే హెచ్ఆర్ఏని కూడా నడుపుతుంటే డాక్టరు బిల్లులు వాళ్ల కంప్యూటర్లోనే జతకలిసిపోతాయి, మీకు ఉత్తరం రాదు.

ఉత్తరం వచ్చినప్పుడు ఏం పంపాలి? ఇక్కడే ఎక్కువమంది బోల్తా పడతారు. కార్డు గీకినప్పుడు వచ్చే చిన్న స్లిప్పు పనికిరాదు. అందులో ఉన్నది ఎంత కట్టారు, ఎప్పుడు కట్టారు అన్నది మాత్రమే. అది వాళ్లకి ముందే తెలుసు. వాళ్లకి కావలసింది డబ్బు పుచ్చుకున్నవాళ్లో ఇన్సూరెన్స్ కంపెనీయో ఇచ్చిన కాగితం. అందులో ఏం వైద్యం లేదా ఏ వస్తువు, ఏ తేదీన జరిగింది, మీ వాటా ఎంత అన్నవి కనిపించాలి. ఎవరికి జరిగింది, ఎవరు చేశారు అన్నది కూడా చాలా సంస్థలు అడుగుతాయి. ఇవన్నీ ఒకేచోట ఉండే కాగితం ఇన్సూరెన్స్ కంపెనీ పంపే ఈఓబీ, అంటే ఎక్స్‌ప్లనేషన్ ఆఫ్ బెనిఫిట్స్. పైన ‘ఇది బిల్లు కాదు’ అని పెద్ద అక్షరాలతో ఉంటుంది గనక దాన్ని చెత్తబుట్టలో వేసే అలవాటు మనవాళ్లలో ఉంది. హెచ్ఆర్ఏ వాడేవాళ్లకి ఇంతకన్నా విలువైన కాగితం లేదు.

క్లినిక్‌లు నెలనెలా పంపే స్టేట్‌మెంట్‌లో ఒక చిక్కుంది. ‘పాత బాకీ 142 డాలర్లు’ అని ఒక్క ముక్క రాసి పంపుతారు. అది ఏ రోజు, ఏ వైద్యానికి అన్నది లేకపోతే తిరగ్గొడతారు. ఫ్రంట్ డెస్క్‌కి ఫోన్ చేసి ఐటెమైజ్డ్ స్టేట్‌మెంట్ కావాలని అడిగితే ఇస్తారు. మందుల షాపులో అయితే మూరెడు పొడవు క్యాష్ రసీదు కాకుండా, మందు సంచికి అంటించిన కాగితం దాచుకోండి. మందు పేరు, ప్రిస్క్రిప్షన్ నంబరు, తేదీ, మీరు కట్టిన మొత్తం అన్నీ దాని మీదే ఉంటాయి. పోగొట్టుకున్నా భయం లేదు, ఏడాది మొత్తానికి ప్రిస్క్రిప్షన్ల జాబితా కౌంటర్లో అడిగితే ప్రింట్ తీసిస్తారు.

పదిహేను డాలర్ల ఖర్చుకి ఇంత రాద్ధాంతమా అంటే, దానికో కారణం ఉంది, ఉద్యోగులకి దాన్ని ఎవరూ విడమరిచి చెప్పరు. హెచ్ఆర్ఏ డబ్బుకి పన్ను మినహాయింపు ఉన్నది అది వైద్యానికే వెళ్తుందన్న షరతు మీద. ఎవరో ఒక్కరికైనా ఆ డబ్బు వైద్యానికి కాక మరో రూపంలో చేతికందే ఏర్పాటు ప్లాన్‌లో ఉంటే, ఆ ప్లాన్ కింద అందరికీ ఇచ్చిన మొత్తాల మీద పన్ను మినహాయింపు పోతుందని ఐఆర్ఎస్ 2005లోనే రూలింగ్ ఇచ్చింది. ‘చిన్న మొత్తాలు వదిలేద్దాం, పదింట్లో రెండు మాత్రం చూద్దాం’ అనే పద్ధతుల్ని కూడా, ఎఫ్‌ఎస్‌ఏల సందర్భంలో, 2023లో ఐఆర్ఎస్ న్యాయ విభాగం కుదరదంది. కాబట్టి మీకు ఉత్తరం రాసే గుమస్తా మీ పదిహేను డాలర్ల కోసం రాయడం లేదు. ఆ కంపెనీలో పనిచేసే మిగతా ఉద్యోగుల పన్ను మినహాయింపుని కాపాడుతున్నాడు. ఉత్తరాల భాష ఇంకాస్త మర్యాదగా ఉండొచ్చన్నది మాత్రం ఒప్పుకోవలసిందే.

కాగితం పంపకపోతే జరిగే వరస కూడా ఇంచుమించు అన్నిచోట్లా ఒకటే. ముందు కార్డు ఆపుతారు. ఆ మొత్తం తిరిగి కట్టమంటారు. కట్టకపోతే చట్టం ఒప్పుకున్నంత మేర జీతంలో పట్టుకోవచ్చు, లేదా మీరు తర్వాత పెట్టే సరైన క్లెయిమ్‌లోంచి మినహాయించుకోవచ్చు. ఇవేవీ కుదరకపోతే మీరు కంపెనీకి బాకీ పడినట్టు లెక్క. ఆ బాకీని మాఫీ చేస్తే అది మీ జీతం కిందకి వచ్చి కంపెనీ ఏటా ఇచ్చే జీతం, పన్నుల పత్రం డబ్ల్యూ-2లో కనిపిస్తుంది. ఈ వరసలో అందరూ మర్చిపోయే సులువైన దారి ఒకటుంది. పోగొట్టుకున్న బిల్లుకి బదులు, అదే ఏడాదిలో మీ సొంత డబ్బుతో కట్టిన, ఇంకెక్కడా క్లెయిమ్ చేయని మరో వైద్య ఖర్చు బిల్లు పంపితే చాలా సంస్థలు ఒప్పుకుంటాయి. వేసవిలో కళ్లజోడు కొన్న బిల్లు దొరకలేదు, మార్చిలో సొంత కార్డుతో కట్టిన ల్యాబ్ బిల్లు ఉంది. అది పంపండి.

ఇప్పుడు డాక్టరు ఆఫీసు కౌంటరు దగ్గరికొద్దాం. నా ఉద్దేశంలో ఈ కార్డు వల్ల జరిగే నష్టాల్లో సగం అక్కడే మొదలవుతాయి. డిడక్టిబుల్ ఉన్న ప్లాన్ అయితే ఆ విజిట్‌కి మీరెంత కట్టాలో ఆ రోజు ఎవరికీ కచ్చితంగా తెలియదు. కౌంటర్లో అమ్మాయి అంచనా వేసి 220 డాలర్లంటుంది. చేతిలో కార్డుంది కదా అని గీకేస్తాం. రెండు వారాలకి ఈఓబీ వస్తుంది. డాక్టరు వేసిన బిల్లు 310 డాలర్లు, ఇన్సూరెన్స్‌తో వాళ్లకున్న ఒప్పందం ప్రకారం తగ్గింపు 132, అనుమతించిన మొత్తం 178. మీ డిడక్టిబుల్ ఇంకా తీరలేదు గనక ఆ 178 పూర్తిగా మీదే. అంటే 42 డాలర్లు ఎక్కువ కట్టారు. మామూలు కార్డైతే ఆ 42 ఎప్పుడో వస్తుందిలే అనుకోవచ్చు. ఇక్కడ మీరు తీసుకున్న అడ్వాన్సు 220, తెగిన ఖర్చు 178. మిగతా 42 ప్లాన్‌కి తిరిగి చేరాలి. క్లినిక్ దాన్ని మీ ఖాతాలో జమగా ఉంచినా, మీ పేరున చెక్కు పంపినా చిక్కే. వాపసు అదే కార్డు మీదకి వెయ్యమని అడగాలి. చెక్కు వస్తే దాన్ని హెచ్ఆర్ఏ సంస్థకి కట్టెయ్యాలి.

అందుకే కోపే ఉంటే అక్కడికక్కడే గీకండి. డిడక్టిబుల్ కింద పడేదైతే “ముందు ఇన్సూరెన్స్‌కి పంపండి, తర్వాత బిల్లు పంపండి” అనండి. చాలా క్లినిక్‌లు ఒప్పుకుంటాయి. ఇన్సూరెన్స్ నుంచి ఈఓబీ, క్లినిక్ నుంచి బిల్లు రెండూ వచ్చాక అంకెలు కలుస్తున్నాయో లేదో చూసి, బిల్లు మీద ఉన్న లింకులో ఆ కార్డు నంబరు కొట్టి కట్టండి. ఇంకో మార్గం, అనుభవం ఉన్నవాళ్లు ఎక్కువగా ఎంచుకునేది, కార్డు అసలు వాడకపోవడం. సొంత క్రెడిట్ కార్డుతో కట్టి, ఈఓబీ వచ్చాక పోర్టల్లో క్లెయిమ్ పెడితే బ్యాంకు ఖాతాలోకి డబ్బు వేస్తారు. ముందు కాగితం, తర్వాత డబ్బు. చేతిలో కాస్త వెసులుబాటు ఉన్నవాళ్లకి ఇదే నిశ్చింత. జీతానికి జీతానికి మధ్య నెట్టుకొచ్చే కుటుంబానికి మాత్రం కార్డు నిజంగా ఉపకారం. ఆరువందల డాలర్ల బిల్లుకి అప్పు చేయక్కర్లేదు.

ఏవి వైద్యం, ఏవి కావు అన్నదానికి ఐఆర్ఎస్ ప్రచురణ 502 చూడొచ్చు, వెబ్‌సైట్‌లో ఉచితంగానే దొరుకుతుంది. కళ్లజోళ్లు, కాంటాక్ట్ లెన్సులు, లేజర్ కంటి ఆపరేషన్, వినికిడి యంత్రాలు, బ్రేసెస్, ఆక్యుపంక్చర్, పాలిచ్చే తల్లుల బ్రెస్ట్ పంపు అన్నీ వస్తాయి. జుట్టు నాటించుకోవడం, పళ్ల తెలుపు, టూత్‌పేస్టు, ఆరోగ్యం బాగుంటుందని కట్టే జిమ్ ఫీజు రావు. ప్రిస్క్రిప్షన్ లేకుండా దొరికే జలుబు, జ్వరం మందుల విషయంలో 2011 నుంచి 2019 దాకా డాక్టరు చీటీ ఉండాలన్న నియమం ఉండేది. 2020 మార్చిలో వచ్చిన కేర్స్ చట్టం దాన్ని ఎత్తేసింది, ఆ ఏడాది జనవరి 1 నుంచే వర్తించేలా. నెలసరి ప్యాడ్లనీ అప్పుడే చేర్చింది. అయితే ఇదంతా బయటి గీత. దాని లోపల మీ కంపెనీ ఇంకా చిన్న గీత గీసుకోవచ్చు. డిడక్టిబుల్ ఖర్చుకి మాత్రమే ఇస్తామనొచ్చు, పళ్లూ కళ్లకి మాత్రమే అనొచ్చు. పక్కింటాయన కార్డు మీద వచ్చిందని మీ కార్డు మీద రావాలని లేదు.

ఇండియన్ గ్రోసరీ షాపు సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. అక్కడ అమృతాంజనం, త్రిఫల చూర్ణం, చ్యవనప్రాశ కొనని తెలుగిల్లుండదు. కిరాణా షాపు కోడ్ మీద, ఐఐఏఎస్ లేని చోట ఈ కార్డు నడవదు. తలనొప్పికి రాసుకునే మందే అయినా సరే. ఇక చూర్ణాలూ లేహ్యాలూ, విటమిన్ మాత్రలూ ప్రచురణ 502 ప్రకారం మామూలుగా వైద్య ఖర్చు కావు. ఫలానా జబ్బుకి చికిత్సగా వాడమని వైద్యుడు చెబితేనే అవుతాయి. రక్తంలో డి విటమిన్ బాగా తక్కువుందని తేలి డాక్టరు మాత్రలు రాస్తే, జబ్బు పేరూ మందు పేరూ ఎన్నాళ్లు వాడాలన్నదీ ఉన్న ఉత్తరం ఒకటి తీసుకోండి. దాన్ని లెటర్ ఆఫ్ మెడికల్ నెసెసిటీ అంటారు. అది జతచేసి క్లెయిమ్ పెట్టుకోవచ్చు.

ఎవరి వైద్యానికి వాడొచ్చన్నది ఇంకా సున్నితమైన విషయం. ఉద్యోగి, భార్య లేదా భర్త, పన్ను చట్టం లెక్కలో ఆధారపడినవాళ్లు, ఏడాది ఆఖరుకి 27 నిండని పిల్లలు చట్టం ప్రకారం అర్హులు. అయితే కంపెనీ గ్రూపు ఇన్సూరెన్స్‌తో ముడిపడిన హెచ్ఆర్ఏ అయితే, ఆ మనిషికి ఆ ప్లాన్‌లో గానీ మరో కంపెనీ గ్రూపు ప్లాన్‌లో గానీ కవరేజీ ఉండాలి. ప్రీమియం కలిసొస్తుందని ఒక్కరికే ఇన్సూరెన్స్ తీసుకుని, భార్యకి బయట సొంతంగా ప్లాన్ కొన్నవాళ్లు ఈ కార్డుతో ఆమె బిల్లు కడితే చిక్కులో పడతారు.

అమ్మానాన్నల సంగతి? వీసా మీద వచ్చి ఆర్నెల్లు ఉండి వెళ్లే పెద్దవాళ్లకి పంటి నొప్పి వస్తే ఈ కార్డు తీయడం సహజమైన ప్రేమే. కానీ ఆధారపడినవాళ్లుగా లెక్కకి రావాలంటే అమెరికా పౌరులో, అమెరికా, కెనడా, మెక్సికో దేశాల నివాసులో అయి ఉండాలని చట్టంలో ఉంది. విజిటర్ వీసా మీద ఉన్నవాళ్లు సాధారణంగా ఆ లెక్కకి రారు. గ్రీన్ కార్డు మీద మీ ఇంట్లోనే ఉంటూ, వాళ్ల ఖర్చులో సగానికి పైగా మీరే భరిస్తుంటే రావచ్చు. అప్పుడు కూడా మీ ప్లాన్ తల్లిదండ్రుల్ని ఒప్పుకుంటుందా, పైన చెప్పిన కవరేజీ షరతు తీరుతుందా అన్నది విడిగా చూసుకోవాలి. విజిటర్ ఇన్సూరెన్స్ ఎంత అవసరమో దీన్నిబట్టి తెలుస్తుంది.

సెలవులకి హైదరాబాదో విజయవాడో వెళ్లినప్పుడు రూట్ కెనాల్ చేయించుకుని వచ్చేవాళ్ల ప్రశ్న ఇంకోటి. చట్టప్రకారం జరిగిన వైద్యమైతే దేశం బయట చేయించుకున్నా వైద్య ఖర్చే. అక్కడ కార్డు పనిచేస్తుందని మాత్రం నమ్ముకోవద్దు. సొంత డబ్బుతో కట్టి, ఆసుపత్రి లెటర్‌హెడ్ మీద ఇంగ్లీషులో బిల్లు తీసుకోండి. పేషెంటు పేరు, తేదీ, ఏ పంటికి ఏం చేశారు, ఎన్ని రూపాయలు అన్నది ఉండాలి. ఆ తేదీ నాటి డాలరు రేటు రాసి క్లెయిమ్ పెట్టాలి. ఫోన్‌పే స్క్రీన్‌షాట్ పంపితే అది గీకిన స్లిప్పులాంటిదే, పనికిరాదు. మందుల దగ్గర మెలిక ఉంది. అక్కడ కొని అక్కడే వాడిన ప్రిస్క్రిప్షన్ మందు, రెండు దేశాల్లోనూ చట్టబద్ధమైనదైతే లెక్కకి వస్తుంది. ఆర్నెల్లకి సరిపడా బీపీ మాత్రలు సూట్‌కేసులో వేసుకొచ్చి క్లెయిమ్ పెడితే రాదు. విమానం టిక్కెట్టు సంగతి ఎత్తకపోవడమే మంచిది.

ఆలుమగలిద్దరూ ఉద్యోగాలు చేసే ఇళ్లలో కనిపించని గొయ్యి ఒకటుంది. భర్త కంపెనీలో అన్ని ఖర్చులకీ ఇచ్చే హెచ్ఆర్ఏ ఉంది, అది భార్య వైద్యానికీ వర్తిస్తుంది. భార్య తన కంపెనీలో ఎక్కువ డిడక్టిబుల్ ప్లాన్ తీసుకుని హెచ్‌ఎస్‌ఏలో డబ్బు వేస్తోంది. ఇది కుదరదు. మొదటి డాలరు నుంచే ఖర్చు భరించే మరో ఏర్పాటు తనకి వర్తిస్తున్నన్నాళ్లూ ఆమె హెచ్‌ఎస్‌ఏలో వేయకూడదు. కార్డు ఒక్కసారి కూడా ఆమెకోసం గీకకపోయినా సరే. పళ్లకీ కళ్లకీ మాత్రమే ఇచ్చే హెచ్ఆర్ఏ అయితే, లేదా డిడక్టిబుల్‌లో చట్టం చెప్పిన కనీస మొత్తం తీరాకే ఇచ్చేదైతే ఇబ్బంది లేదు. ఏటా చలికాలం ముందు ఓపెన్ ఎన్‌రోల్‌మెంట్ వచ్చినప్పుడు ఇద్దరి కాగితాలూ ఒకే బల్ల మీద పెట్టుకుని చూసుకోవలసిన విషయమిది. అలాగే హెచ్ఆర్ఏ చెల్లించిన బిల్లుని ఎఫ్‌ఎస్‌ఏలోనో, పన్ను రిటర్నులో వైద్య ఖర్చుల కిందో మళ్లీ చూపకూడదు.

తేదీల విషయంలో గుర్తుంచుకోవలసింది ఒక్కటే. లెక్కకి వచ్చేది వైద్యం జరిగిన రోజు, డబ్బు కట్టిన రోజు కాదు. డిసెంబరు 28న ఎక్స్‌రే తీశారు, బిల్లు జనవరి 20న వచ్చింది. అప్పుడు కార్డు గీకితే అది కొత్త ఏడాది పద్దులోంచి తీసుకుంటుంది, కాగితం పంపగానే తేదీ కలవదని తిరగ్గొడతారు. అలాంటి బిల్లు సొంతంగా కట్టి, పాత ఏడాది కింద క్లెయిమ్ పెట్టాలి. దానికి ప్లాన్‌లో ఒక గడువుంటుంది, రన్‌ఔట్ అంటారు. చాలాచోట్ల అది 90 రోజులు.

ఉద్యోగం పోయినప్పుడు కూడా ఇదే సూత్రం. హెచ్‌1బీ మీద ఉన్నవాళ్లకి ఉద్యోగం పోయాక దేశంలో ఉండడానికి దొరికే అరవై రోజుల గడువులో వంద ఆందోళనలుంటాయి, ఈ కార్డు ఎవరికీ గుర్తురాదు. సాధారణంగా కవరేజీ ముగిసిన రోజే కార్డు ఆగిపోతుంది. మిగిలిన పద్దు కంపెనీకే పోతుంది, ప్లాన్ వేరేగా చెబితే తప్ప. కానీ ఆ రోజుకి ముందు జరిగిన వైద్యానికి బిల్లులుంటే రన్‌ఔట్ గడువు లోపు పెట్టుకోవచ్చు. ఇండియా తిరిగొచ్చేసినా సరే. ఇరవై మంది లేదా అంతకన్నా ఎక్కువ ఉద్యోగులున్న కంపెనీ అయితే, ఉద్యోగం పోయాక కూడా కవరేజీ నిలుపుకోనిచ్చే కోబ్రా చట్టం కింద హెచ్ఆర్ఏనీ కొనసాగించుకునే హక్కుంటుంది. నెలకి కట్టాల్సిన మొత్తాన్ని, మిగిలిన పద్దుతో పోల్చి చూసుకుని ఎంచుకోవడానికి అరవై రోజుల సమయం ఇస్తారు. చాలా కంపెనీల్లో హెచ్ఆర్ఏ పోర్టల్‌కి ఆఫీసు లాగిన్‌తోనే వెళ్లాలి, ఆఖరి రోజు సాయంత్రానికి అది మూతపడుతుంది. కాబట్టి ల్యాప్‌టాప్ అప్పగించే ముందే ఈఓబీలూ పాత క్లెయిమ్‌లూ సొంత ఈమెయిల్‌కి దించుకోవాలి, పోర్టల్‌లో ఆఫీసు ఈమెయిల్ తీసేసి సొంతది పెట్టాలి, బ్యాంకు ఖాతా సరిగ్గా ఉందో లేదో చూడాలి. తేలని లావాదేవీ ఏదైనా ఉంటే ఆ వారంలోనే కాగితం పంపేయాలి, ఎందుకంటే ఆఖరి జీతం లెక్క కట్టేటప్పుడు వాళ్ల దగ్గర ఆ బాకీ జాబితా కూడా ఉంటుంది.